హామీగా రాసిన అమ్మకం

ఈ సంగతి నేను చెప్పడం ఇది మొదటిసారి కాదు. బరంపురం కోర్టు వరండాలో చెప్పాను. కుర్చీ చూపించకుండా నిలబెట్టి విన్న ప్లీడర్లకు చెప్పాను. వింటూ వింటూనే గొడుగు తీసుకుని లేచిపోయినవాళ్లకూ చెప్పాను. మా వాళ్ల సభలో ఒకసారి లేచి నిలబడితే, అధ్యక్షుడిగా కూర్చున్నాయన, "అది మీ ఇంటి విషయం నాయనా, అవతల భోజనాలు చల్లారిపోతున్నాయి" అన్నాడు. ఒక పత్రికకు మూడుసార్లు రాసి పంపాను. మొదటిసారి తిరిగొచ్చింది. రెండోసారి ఏమైందో తెలియదు. మూడోసారి నేను జతచేసిన తపాలా బిళ్లలు ఉంచుకుని కాగితాలు మాత్రం పంపేశారు. ఎవరు ఏ మాట చెప్పి నన్ను తప్పించుకున్నారో అడిగితే ఇప్పటికీ వరసగా చెప్పగలను.

అందరికంటే ఎక్కువ రాసింది మాత్రం ఒక్కరికే. ఆయన మా అమ్మకు అన్న, నాకు మేనమామ. చికిటిలో ఉంటాడు. ఏడాదికొకటి చొప్పున పద్నాలుగు కార్డులు రాశాను. ఆయన కూతురి పెళ్లికి శుభలేఖ వచ్చింది. మనవడి నామకరణానికి పిలుపు వచ్చింది. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

ఇంకొన్నాళ్లకు మా గంజాం జిల్లా మద్రాసు రాజధాని నుంచి విడిపోయి కొత్త ఒరియా రాష్ట్రంలో కలుస్తుందని చెప్పుకుంటున్నారు. పాత కోర్టు కాగితాలు ఏ ఊరు పోతాయో, వాటిని చదివేవాళ్లు ఎవరుంటారో తెలియదు. అందుకని ఈసారి మొదటినుంచీ రాస్తున్నాను.

మా నాన్న బరంపురంలో తెలుగు పంతులు. ఊళ్లో సగంమంది ఆయన దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లే. రిజిస్ట్రారు కచేరి వరండాలో చాపలు పరుచుకుని దస్తావేజులు రాసే లేఖర్లలో ముగ్గురు ఆయన శిష్యులు. ఆ కచేరి లోపల నేను కాపీ గుమాస్తాని. రిజిస్టరైన ప్రతి దస్తావేజునూ పెద్ద పుస్తకంలోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కించడం నా పని. ఊళ్లో ఎవరు అమ్ముకున్నారో, ఎవరు కొనుక్కున్నారో, ఎవరు తాకట్టు పెట్టుకున్నారో నా కలం కిందినుంచే వెళ్లాలి. నా రాత గుండ్రంగా ఉంటుందని నాన్న నలుగురిలో చెప్పుకునేవాడు. నన్ను ఎదురుగా పెట్టుకుని ఎప్పుడూ అనలేదు.

మాకు సొంత ఇల్లు ఒకటే ఉండేది. పెంకుటిల్లు, రెండు గదులు, వీధివైపు అరుగు. వంటిల్లు పడమటి వైపు పల్లంలో ఉండేది. మధ్యాహ్నం దాటితే గాలి ఎదురుకొట్టి పొగంతా లోపలికే వచ్చేది. అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. చిన్నప్పుడు నేను ఆవిడ ఏడుస్తోందనుకునేవాణ్ని.

నాకు ఇరవైమూడో ఏడు నడుస్తుండగా అమ్మకు కడుపులో గడ్డ కనిపించింది. ఇక్కడి డాక్టరు చూసి, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లి కోయించాలన్నాడు. ఆ కర్చు ఒక పంతులు జీతానికీ ఒక కాపీ గుమాస్తా జీతానికీ అందేది కాదు. ఇల్లు తాకట్టు పెడదామని నేనే అన్నాను. నాకు తెలిసిన పని అదే కదా. స్టాంపు కాగితం మీద తాకట్టు దస్తావేజు రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించి, కచేరిలో రిజిస్టరు చేయిస్తే అప్పిచ్చినవాడికీ భయం ఉండదు, మనకీ ఉండదు అన్నాను.

నాన్న, "మనింటి తాకట్టు నువ్వే పుస్తకంలో ఎక్కిస్తావా?" అని అడిగాడు.

మా కచేరి అలవాటు ఆయనకు తెలుసు. దస్తావేజు వంతు వచ్చినప్పుడు బంట్రోతు గుమ్మంలో నిలబడి రాసిచ్చినవాడి పేరు, తండ్రి పేరు, ఏ రకం కాగితమో కలిపి గట్టిగా పిలుస్తాడు. వరండాలో ఉన్న ముగ్గురు శిష్యులూ తలెత్తి చూస్తారు. సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. మావంటి ఇళ్లల్లో తాకట్టు అన్న మాట పైకి వచ్చిందంటే ఆ ఇల్లు పడిపోయిందనే అర్థం. అదే ఇల్లు అమ్ముతున్నామంటే ఎవరూ తక్కువగా చూడరు. అమ్మి ఇంకోటి కొంటారనుకుంటారు. మంచి ధర పలికిందటగా అని అడుగుతారు.

అందుకే మావాళ్లలో ఒక పద్ధతి ఉండేది. నేను కచేరిలో చేరాకే దాని లోతు తెలిసింది. అప్పు కావలసినవాడు ఇల్లు అమ్ముతానని ఖరారునామా రాసిస్తాడు. అప్పుగా తీసుకున్న పైకాన్ని అందులో బయానాగా చూపిస్తారు. అప్పిచ్చినవాడు రెండేళ్లలో మిగతా ధర ఇచ్చి రిజిస్టరు చేయించుకోవచ్చు అని ఉంటుంది. అమ్మకం ఖరారు కాబట్టి కచేరికి రానక్కర్లేదు, పేరు పిలవరు, పుస్తకంలో ఎక్కదు. నెలనెలా వడ్డీ నోటిమాట మీద నడుస్తుంది. అసలు తీరిన రోజున ఆ కాగితాన్ని చించి కుంపట్లో వేస్తారు. అలా ఎన్ని ఇళ్లు అమ్ముడయ్యి, అమ్ముడవకుండా మిగిలాయో లెక్క లేదు.

ఈ దారి చూపించింది మావయ్య. చికిటిలో బియ్యం, బెల్లం వ్యాపారం చేసేవాడు. అస్కాలో ఒక పెద్ద సావుకారుతో ఆయనకు లావాదేవీలు ఉండేవి. ఆ సావుకారును ఒప్పించి, ఒక గురువారం పొద్దున్న బండి కట్టించుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు. తన చెల్లెలు బతకాలని ఆయన పడిన ఆత్రం అబద్ధం అని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడూ అనడం లేదు.

సావుకారు అరుగు మీద కూర్చోకుండా తిన్నగా లోపలికి వచ్చి, గోడలు తట్టి చూసి, మంచం మీద కూర్చున్నాడు. అమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది. ఖరారునామా నన్నే రాయమన్నారు. బయటి లేఖరిని పిలిస్తే సంగతి పొక్కుతుందని నాన్న భయం. రాస్తూ రాస్తూ నేను ఒక వాక్యం కలుపుతానన్నాను. బయానా పైకం గడువులోగా తిరిగి చెల్లిస్తే ఈ ఖరారు రద్దయినట్టే అని.

మావయ్య నవ్వాడు. "ఆ ముక్క రాస్తే అది తాకట్టే కదరా. మళ్లీ నీ రిజిస్ట్రారు ముందుకే ఎల్లాల. కాపీ రాసేవోడివి, సెప్పింది రాయి."

సావుకారు కూడా నవ్వాడు. నాన్న నవ్వలేదు కానీ కాగితం వైపు వేలు చూపించాడు. నేను చెప్పింది రాశాను. నాన్న సంతకం చేశాడు. మావయ్య సాక్షి సంతకం చేశాడు. పైకం తీరాక కాగితం తిరిగిస్తారు కదా అని నాన్న అడిగితే, మాస్టారి ఇల్లు తీసుకుని నేనేం చేసుకుంటాను అన్నాడు సావుకారు. ఆ మాట విన్నవాళ్లం నలుగురం. నాన్న, నేను, మావయ్య, తలుపు అవతల అమ్మ. మజ్జిగ తాగి వాళ్లిద్దరూ బండెక్కారు.

కాపీ రాసేవోడివి అన్న మాట నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేదని మా ఆవిడ అంటుంది.

అమ్మను రైల్లో విశాఖపట్నం తీసుకెళ్లాం. గడ్డ తీశారు. నెలన్నరకు తిరిగొచ్చాం. ఈలోగా వీధిలో అడగడం మొదలైంది. అంత కర్చు ఎలా పెట్టారని ఒకరు, సావుకారు వచ్చి గోడలు తట్టాడట ఎందుకని ఇంకొకరు. నాన్న అనుకున్న ప్రకారమే, ఇల్లు అమ్మేస్తున్నానని, బయానా తీసుకున్నానని, ఊరి చివర కొత్తగా పడుతున్న పేటలో జాగా చూస్తున్నానని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే ఎలా ఉండేదో.

మా పక్కింట్లో అప్పడాలు ఒత్తి అమ్ముకునే ఒక ముసలమ్మ ఉండేది. అమ్మకు పెద్ద దిక్కు. ఆవిడ ఒక పూట మంచం దగ్గర కూర్చుని, కొత్తిల్లు ఎలా కడతారు బాబూ అని అడిగింది. నాన్న ఏదో చెప్పాలి కదా అని చెప్పాడు. నాలుగు గదులన్నాడు, గాలి బాగా వస్తుందన్నాడు. అప్పుడు అమ్మ, అంతవరకూ కళ్లు మూసుకుని ఉన్నది, కళ్లు తెరిచి, "వంటిల్లు తూర్పుకి పెట్టండి" అంది.

అది అప్పు అని అమ్మకు తెలుసు. సంతకాల రోజున తలుపు అవతల అంతా విన్నది. అయినా అలా అంది. తెలిసి అన్నదో, జ్వరంలో మరిచిపోయి అన్నదో, మరిచిపోవాలని అన్నదో నాకు తెలియదు. నాన్న, తూర్పుకే పెడదాం అన్నాడు.

ఆ తర్వాత ప్రతిరోజూ అదే మాట. పొయ్యి ఎక్కడ, నీళ్ల కుండలు ఎక్కడ, అప్పడాలు ఎండబెట్టుకోవడానికి ముసలమ్మకు కూడా కొంత డాబా వదలాలి అనేది అమ్మ. నాన్న సుద్దముక్కతో నేల మీద గీసి చూపించేవాడు. ఒక ఆదివారం నిజంగానే ఇద్దరు పొరుగువాళ్లను వెంటబెట్టుకుని కొత్త పేటకు వెళ్లి, ఎవరిదో జాగాలో అడుగులు లెక్కపెట్టి వచ్చి, ఇన్ని అడుగులు వచ్చిందని అమ్మకు చెప్పాడు. నాకు కోపం వచ్చేది. ఈ నాటకం ఎందుకని ఒకసారి పెరట్లో అడిగాను. ఆయన నావైపు చూడకుండా కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయాడు.

అమ్మ ఎనిమిది నెలలు ఉంది. గడ్డ మళ్లీ వచ్చింది. ఈసారి డాక్టరు విశాఖపట్నం మాట ఎత్తలేదు. ఆఖరి వారంలో ఆవిడ మాట్లాడిన కొద్ది మాటల్లో కూడా ఆ తూర్పు వంటిల్లు ఉంది. పొగ పోతోందా అని అడిగేది. పోతోందని నాన్న చెప్పేవాడు.

ఆ నెలలన్నీ వడ్డీ తప్పలేదు. ప్రతి నెలా మావయ్య అస్కా వెళ్తూ మా ఇంటి దగ్గర ఆగేవాడు. నాన్న పైకం గుడ్డలో మూటగట్టి ఇచ్చేవాడు. రసీదు అడగలేదు. వడ్డీకి రసీదు ఉంటే అది అప్పని కాగితం మీద పడుతుంది, ఆ కాగితం ఎవరి కంటనైనా పడవచ్చు. అప్పుడు మా ఇంట్లో అందరి భయం అదే, కాగితం కనపడటం. కనపడకపోవడం వల్ల ఏం జరుగుతుందో ఆలోచించలేదు. నేనైనా ఆలోచించవలసింది. నేను కచేరిలో పనిచేసేవాణ్ని.

అమ్మ సంవత్సరీకాలు కాకముందే, ఆవిడ వస్తువులు అమ్మి, నా పేర ఉన్న చీటీ పాడి, నాన్న అసలు పైకం పోగు చేశాడు. గడువు ఇంకా కొన్ని నెలలు ఉంది. మేమిద్దరం బండిలో అస్కా వెళ్లాం. సావుకారు గానుగల దగ్గర ఉన్నాడు. బెల్లం వాసన, ఈగలు. నాన్న మూట తీసి ముందు పెట్టి, ఆ కాగితం ఇప్పించండి అన్నాడు.

"అప్పేటి మాస్టారూ? నేను బయానా ఇచ్చాను. మిగతా పైకం రడీగా ఉంది. ఎప్పుడు రిజిస్టరు సేస్తారో సెప్పండి."

నెమ్మదిగానే అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ ఏడాదే మా వీధి చివర బజారు వైపు రోడ్డు వెడల్పు చేశారు. ఇళ్ల ధరలు పెరిగాయి. ఖరారులో ఉన్నది పాత ధర. నాన్న మూట మళ్లీ కట్టుకోవడం కూడా మరిచిపోయాడు. నేనే కట్టాను.

తిన్నగా చికిటి వెళ్లాం. మావయ్య చాలా కోపం తెచ్చుకున్నాడు. రేపే వెళ్లి వాడితో మాట్లాడతానన్నాడు. వెళ్లాడు కూడా. వచ్చాక ఆ సంగతి ఎత్తలేదు.

రెండు నెలలకు కోర్టు అమీనా వచ్చి దావా కాగితం ఇచ్చి వెళ్లాడు. ఒప్పందం ప్రకారం ఇల్లు రిజిస్టరు చేసివ్వాలని సావుకారు దావా. మా ప్లీడరు మంచివాడు, ముసలివాడు. కాగితం రెండుసార్లు చదివి కళ్లజోడు తీసేశాడు. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరాలా గుర్తుంది, కాబట్టి ఇది చదివేవాళ్ల కోసం రాస్తున్నాను. అమ్ముతానని ఖరారు రాసినంతమాత్రాన ఇంటి మీద ఎవరికీ హక్కు పుట్టదు. ఆ ఇల్లు అప్పుకు హామీ కాదు. వంద రూపాయలు దాటిన తాకట్టుకు రిజిస్ట్రారు ముద్ర ఉండి తీరాలి. చెన్నపట్నం ఊళ్లో అయితే పాత దస్తావేజులు చేతికిచ్చి అప్పు తెచ్చుకున్నా తాకట్టుగా ఒప్పుకుంటారు, బరంపురానికి ఆ సదుపాయం లేదు. కాబట్టి ఈ సావుకారు అప్పు రాబట్టుకోవడానికి వచ్చి ఈ కాగితం చూపిస్తే, ఇంటి గడపను కూడా ముట్టుకోలేడు.

"కానీ ఆయన అప్పు అడగడం లేదు కదా మాస్టారూ. ఇల్లు అడుగుతున్నాడు. దానికి ఈ కాగితం సరిపోతుంది."

అంటే అప్పు కాగితంగా అది దేనికీ పనికిరాదు. అమ్మకం కాగితంగా మా ఇంటి ఖరీదు చేస్తుంది. ఇది ఏ న్యాయమని నేనడిగాను. న్యాయం గురించి కాదు, సాక్ష్యం గురించి మాట్లాడమన్నాడాయన. ఇది అమ్మకం అని ఎవరూ అనుకోలేదని, పేరుకు రాసుకున్న కాగితమని రుజువు చేస్తే తీర్పు చెప్పే మునసబు వింటాడు. అమ్మకం బయానాకు ఎవరూ నెలనెలా వడ్డీ కట్టరు, కాబట్టి వడ్డీ మోసినవాడు వచ్చి చెబితే చాలన్నాడు. నాన్న ముఖం తేటపడింది. మోసింది బావే కదా అన్నాడు.

విచారణ రోజున కోర్టు హాలు నిండింది. నాన్న శిష్యులు సగం మంది ఉన్నారు. మొదట నన్ను బోనెక్కించారు. సావుకారు ప్లీడరు ఆ ఖరారునామా నా చేతికిచ్చి, ఇది ఎవరి రాత అని అడిగాడు. నాదే అన్నాను. మీరు రిజిస్ట్రారు కచేరిలో ఎన్నేళ్లుగా ఉన్నారు, తాకట్టు దస్తావేజులు ఎన్ని చూసి ఉంటారు, అమ్మకానికీ తాకట్టుకూ తేడా తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. అంత తెలిసినవాడు తాకట్టుకు బదులు అమ్మకం అని రాస్తాడా అని అడిగి, నేను నోరు తెరిచేలోపల, ఇక చాలు అని కూర్చున్నాడు. నా జవాబు రికార్డులో లేదు. కావాలంటే చూడండి, ప్రశ్న ఉంటుంది, కింద ఖాళీ ఉంటుంది.

తర్వాత పొరుగువాళ్లు. వాళ్లలో ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. మాస్టారు అమ్ముతున్నానని మాతో అన్నారు అన్నారు. జాగాలో అడుగులు లెక్కపెట్టడం చూశాం అన్నారు. ఆఖరికి అప్పడాల ముసలమ్మను పిలిచారు. సావుకారు మనుషులు ఆవిడకు ఏం చెప్పి తీసుకొచ్చారో, మాస్టారి కొత్తింటి గురించి అడుగుతారట అని మాత్రం ఆవిడకు తెలుసు. మాకు మేలు చేస్తున్నాననుకుంది. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"నాలుగు గదులండి బాబూ. వంటిల్లు తూర్పుకి. ఆ తల్లి అలా కావాలంది. పొగ కళ్లల్లోకి రాకుండా. నాక్కూడా డాబా మీద సోటిస్తానన్నాది. మాస్టారు సుద్దతో గీసి సూపించీవోరు, రోజూ. నా కళ్లతో సూశాను."

ఆవిడ సంతోషంగా చెబుతోంది. చెబుతూ చెబుతూ మధ్యలో అమ్మ గుర్తొచ్చి చెంగుతో కళ్లు తుడుచుకుంది. అలా ఏడుస్తూ చెప్పిన మాటను ఏ మునసబు నమ్మడు?

నాన్నను బోనెక్కించారు. ఈ మాటలు మీరన్నారా అని అడిగాడు అవతలి ప్లీడరు. అన్నాను అన్నాడు నాన్న. మా ప్లీడరు లేచి, ఎందుకన్నారో కోర్టుకు చెప్పండి అన్నాడు. ముందురోజు ఎలా చెప్పాలో ఆయన నాన్నకు నేర్పి ఉన్నాడు. పరువు కోసం వీధిలో అబద్ధం చెప్పానని, మంచం పట్టిన మనిషి కోసం ఆ అబద్ధం సాగించానని. రెండే వాక్యాలు. నాన్న ముసలమ్మ వైపు చూశాడు. ఆవిడ ఇంకా కళ్లు తుడుచుకుంటోంది. తర్వాత మునసబు వైపు చూశాడు. చెప్పలేదు. మా ప్లీడరు మళ్లీ అడిగాడు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఇంట్లో నా మాటకు జవాబివ్వని మనిషి కోర్టులో కూడా ఇవ్వలేదు. అప్పుడు నేను కోపంతో పళ్లు కొరుక్కున్నాను. ఆ తూర్పు వంటిల్లు అబద్ధం అని తన నోటితో అనడం ఆయన వల్ల కాలేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇక మిగిలింది మావయ్య. నెలనెలా మీరు మూట తీసుకెళ్లారా అని మా ప్లీడరు అడిగాడు. తీసుకెళ్లాను అన్నాడు. అందులో ఏముంది అని అడిగాడు.

"నాకు తెలీదండి. మూట ఇప్పి సూడలేదు."

నావైపు చూడలేదు. నాన్నవైపూ చూడలేదు. బోను దిగి, చెప్పులు తొడుక్కుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. బయట ఎండలో గొడుగు విప్పుకోవడం కిటికీలోంచి కనిపించింది.

ముసలమ్మ మా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "బాగా సెప్పానా బాబూ?" అని అడిగింది. బాగా చెప్పావన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధం అదొక్కటే అని అనను, కానీ చెప్పినందుకు బాధపడనిది అదే. ఆవిడకు చివరివరకూ తెలియనివ్వలేదు.

తీర్పు సావుకారు వైపు వచ్చింది. అప్పీలుకు వెళ్దామంటే నాన్న వద్దన్నాడు. పాత ధరలో మిగిలిన పైకం సావుకారు కోర్టులో కట్టాడు. నాన్న విక్రయ దస్తావేజు మీద సంతకం చేయడానికి మా కచేరికే రావాలి. వచ్చాడు. బంట్రోతు గుమ్మంలో నిలబడి గట్టిగా పిలవబోయి, ఎవరో గుర్తుపట్టి గొంతు తగ్గించాడు. ఆ తగ్గించిన గొంతు ఆయనకు ఇంకా ఎక్కువ వినిపించి ఉంటుంది. వరండాలో శిష్యులు లేచి నిలబడ్డారు.

ఆ దస్తావేజు పుస్తకంలోకి ఎక్కించడానికి నా తోటి గుమాస్తా చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. నా వంతు వచ్చింది నేనే రాస్తానన్నాను. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట రచ్చసందు, ఉత్తరాన, దక్షిణాన అని హద్దులు రాశాను. పడమటి వైపు వంటిల్లు సహా అని రాయవలసి వచ్చినప్పుడు ఒకసారి ఆగాను. తర్వాత రాశాను. ఆ పేజీ ఇప్పటికీ కచేరిలో ఉంది. గుండ్రంగానే ఉంది.

ఒక ఇంటి వెనకభాగం అద్దెకు తీసుకున్నాం. నాన్న బడికి వెళ్లడం మానలేదు. కానీ వీధిలో ఒక మాట నిలిచిపోయింది. పంతులు బయానా పుచ్చుకుని, ధర పెరిగేసరికి మాట తప్పబోయాడని. పిల్లలకు సత్యం పలకమని దిద్దించిన మనిషి మీద ఆ మాట. ఆయన విన్నాడు. మూడేళ్లు విని పోయాడు.

నాన్న పోయిన పన్నెండో రోజున మావయ్య వచ్చాడు. వంటవాళ్ల పక్కన నిలబడి ఎవరితోనో, బావ మంచోడే గానీ ఆ ఇంటి విషయంలో ఎందుకో మనసు మార్చుకున్నాడు పాపం అంటుండగా నేను విన్నాను. విస్తరి ముందు కూర్చున్నాక దగ్గరికి వెళ్లి, మావయ్యా, ఆ మూటలో ఏముందో నీకు తెలీదా అని అడిగాను. అన్నం ముందు ఏటిరా ఈ గొడవ అన్నాడు. భోజనం అయ్యాక అడుగుదామని ఆగాను. చేతులు కడుక్కుని బండెక్కాడు. ఆ ఏడాది నుంచే కార్డులు మొదలుపెట్టాను.

పోయిన శీతాకాలంలో మా అత్తయ్య, అంటే ఆయన భార్య, కళ్లు చూపించుకోవడానికి బరంపురం వచ్చి మా ఇంట్లో రెండు రోజులు ఉంది. నేనేమీ అడగలేదు. ఆవిడే చెప్పింది. చికిటిలో వాళ్ల ఇంటి మీద కూడా అదే సావుకారు దగ్గర అలాంటి ఖరారు కాగితమే ఉండేదట. బెల్లం సరుకు కోసం రాసిచ్చిందట. ఆనాడు మా కోసం మాట్లాడటానికి మావయ్య అస్కా వెళ్లినప్పుడు సావుకారు పెట్టె తెరిచి ఆ కాగితం తీసి చూపించాడట. ఇంకేమీ అనలేదట. సాక్ష్యం చెప్పొచ్చాక మావయ్య రెండు రోజులు అన్నం తినలేదని ఆవిడ అంది. మా నాన్న పన్నెండో రోజున మాత్రం బాగానే తిన్నాడు అన్నాను నేను. ఆవిడ ఏడ్చింది. నేనలా అనకుండా ఉండవలసింది. కానీ అన్నాను.

ఆ సావుకారు పోయి మూడేళ్లయింది. కొడుకులు పంచుకున్నారు. మావయ్య కాగితం తిరిగొచ్చిందని, తన చేత్తోనే పొయ్యిలో వేశానని కూడా అత్తయ్య చెప్పింది. అంటే ఆయన ఇంటికి ఇప్పుడు భయం లేదు.

ఇల్లు నాకు అక్కర్లేదు. అందులో ఇప్పుడు ఎవరో బట్టల కొట్టు పెట్టారు, వంటిల్లు పడగొట్టేశారు. చెల్లెలి కోసం తెచ్చిన అప్పుకు నువ్వు మధ్యవర్తివి మావయ్యా. నెలనెలా వడ్డీ నీ చేతుల్లో మోశావు. నీకు భయం ఎందుకు కలిగిందో నాకు ఇప్పుడు తెలిసింది, దాని గురించి అడగను. ఆ రోజు మా ఇంట్లో జరిగింది అమ్మకమా, అప్పా? మా నాన్న మాట తప్పాడా, తప్పలేదా? దీంతోపాటు పంపుతున్న పదిహేనో కార్డుకు జవాబు కార్డు కూడా జతచేశాను. చిరునామా నేనే రాశాను. నీ చేత్తో ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి పంపు. ముసలివాడివైనా నీ సంతకం నేను గుర్తుపట్టగలను, ఒకసారి నేను రాసిన ఖరారు కిందే నువ్వది పెట్టావు. నువ్వున్నంతలోనే, నేనున్నంతలోనే, జవాబు చెప్పు.